నేను పడుకోవడానికి కొన్న వ్యాను

పెళ్ళయ్యాక నేను తిరువూరు దాటి ఎక్కడికి వెళ్ళినా చుట్టాలింటికే వెళ్ళాను. బెజవాడ అంటే మా పెదమావగారి ఇల్లు. ఏలూరంటే మా మేనత్త ఇల్లు. బందరంటే మా అత్తగారి చెల్లెలి ఇల్లు. ఆ ఊళ్ళలో కొండ ఉందో, కాలువ ఉందో, సముద్రం ఉందో నన్నడక్కండి. ఎవరి వంటింట్లో కత్తిపీట ఎక్కడ పెడతారో అడగండి, కళ్ళు మూసుకుని చెబుతాను.

చుట్టాలింట్లో నిద్ర అనేది ఉండదు. మగవాళ్ళకు మంచాలు. ఆడవాళ్ళందరికీ హాల్లో వరసగా చాపలు. ఫ్యాను గాలి ఎప్పుడూ అవతలి మనిషికే తగులుతుంది. తెల్లారకముందే ఇంటావిడ వంటింట్లో గిన్నెలు కదుపుతుంది. మనకు మెలకువ వచ్చిందని తెలిసి కూడా "పర్లేదమ్మా, పడుకో పడుకో" అంటుంది. ఆ మాట నమ్మి నిజంగానే పడుకున్న కోడలు మా వైపు ఇంతవరకు పుట్టలేదు. లేచి, జుట్టు ముడేసుకుని, ఉల్లిపాయలెక్కడున్నాయని అడగాల్సిందే.

అందుకే నాకో కోరిక ఉండేది. ఎవరి ఇల్లూ కాని చోట, ఎవరూ లేపకుండా, నాకై నాకు మెలకువ వచ్చేదాకా నిద్రపోవాలి. అది సముద్రం పక్కనైతే మరీ మంచిది. ఇంతే. నగలడగలేదు, చీరలడగలేదు. నిద్రడిగాను.

"బందరులో లాడ్జీలో దిగుదామండీ ఒక్కరోజు" అని మా ఆయన్ని అడిగితే ఆయన భయపడిపోయారు.

"పిన్ని ఉన్న ఊళ్ళో లాడ్జీనా? ఇంకేమన్నా ఉందా! పిన్నికీ మనకీ గొడవలయ్యాయని ఊరంతా చెప్పుకుంటారు."

అది నిజమే. మా ఇళ్ళలో చుట్టాలున్న ఊళ్ళో లాడ్జీలో దిగడమంటే ఆ చుట్టాలతో తెగతెంపులు చేసుకోవడమే. పదేళ్ళ కిందట ఎవరో అలా దిగితే, వాళ్ళింట్లో పెళ్ళిళ్ళకు ఇప్పటికీ సగం మంది వెళ్ళరు.

మా ఆయన డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేనింకా వినగడప వైపు ఒక బళ్ళో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. రిటైరయినా ఆయన జేబులో విజిల్ మాత్రం రిటైరవలేదు. ఇంట్లో గ్యాసు సిలిండరు మార్చినా ఒకసారి ఊదుతారు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన ఫోనులో ఏదో చూస్తూ ఉబ్బితబ్బిబ్బవుతున్నారు. ఎవరో దొరా దొరసానీ ఒక వ్యానులో మంచమేసుకుని, చిన్న పొయ్యి పెట్టుకుని, కిటికీకి పరదా కట్టుకుని దేశాలు తిరుగుతున్నారు.

"ఇదిగో చూడు. ఇది లాడ్జీ కాదు. బండి. మన బండిలో మనం పడుకుంటే ఎవడేమంటాడు?" అన్నారు.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన నోటి వెంట అంత తెలివైన మాట నేను వినలేదు. ఆ పూట అడగకుండానే పకోడీలు వేసి పెట్టాను.

ఎ.కొండూరు దగ్గర ఒక మామిడితోటలో పాత స్కూలు వ్యాను ఉందని తెలిసింది. ఏదో బడివాళ్ళు వదిలించుకుంటే తోటాయన కాయలు తోలుకోవడానికి కొన్నాడట. కాయలు రెండేళ్ళు తోలి, తర్వాత చెట్టు కింద వదిలేశాడు. పసుపు రంగు వెలిసిపోయి మజ్జిగపులుసు రంగులోకి వచ్చింది. అద్దాలు మాత్రం అన్నీ ఉన్నాయి. మా ఆయన చుట్టూ తిరిగి టైర్లు తన్ని, "బానే ఉంది" అన్నారు. టైర్లు తన్నితే ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ బండి కొనే మగవాళ్ళందరూ తన్నుతారు.

బేరం కుదిరింది. తాళం చేతికి వచ్చింది. అప్పుడు తోటాయన భార్య వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు కదపడానికి లేదండి. వెనక సీటులో కోడి పొదుగుతుంది."

లోపలికి తొంగి చూస్తే నిజంగానే ఒక ఎర్రకోడి వెనక సీటు మీద గడ్డి పరుచుకుని కూర్చుంది. నన్ను చూసి ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంది.

"బుట్టలో పెట్టి పక్కన పెట్టొచ్చు కదమ్మా" అన్నాను.

"మీరు టీచరుగారే కదండీ! పొదుగుడు కోడిని కదిపితే గుడ్లన్నీ మురిగిపోతాయి. పిల్లలు లేచాక తీసుకెళ్ళండి. మీకు తొందరేంటి, పెళ్ళికెళ్తున్నారా?"

మా ఆయన ఆవిడతో వాదించలేదు. పైగా "పాపం, నిజమే" అని నా వంక చూశారు. చూశారా, నిద్ర కోసం వ్యాను కొంటే అందులో నాకంటే ముందు కోడి సెటిలయింది. దాన్ని మాత్రం ఎవరూ లేపరు! ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఎ.కొండూరు వెళ్ళి కోడి క్షేమ సమాచారాలు కనుక్కుని వచ్చేవాళ్ళం. చివరికి పిల్లలు లేచాయి. తల్లీ పిల్లలూ దర్జాగా దిగి తోటలోకి వెళ్ళాక, మా బండి మాకు దక్కింది. వాసన మాత్రం చాలాకాలం వాటిదే.

బండిని తిరువూరు తెచ్చి మెకానిక్కు దగ్గర పెట్టాం. ఆ మేస్త్రీ బానెట్టు తెరిచిన ప్రతిసారీ "ఇంజిను బంగారం మేడంగారూ" అనేవాడు. అని ఒక సామాను తీసి పక్కన పారేసేవాడు. బంగారం అలా ఒక్కొక్కటే షెడ్డు ముందు కుప్ప పడింది.

"బ్రేకులు ఎలా ఉన్నాయి?" అని మా ఆయన అడిగారు.

"పడతాయి సార్."

"ఎప్పుడు పడతాయి?"

"కొంచెం ముందే తొక్కుతా ఉండండి సార్."

సీట్లు పీకేసి మంచం చేయమని వడ్రంగిని పిలిచాం. ఆయన టేపు పట్టుకుని లోపలికి వెళ్ళి, బయటికి వచ్చి, గొంతు తగ్గించి "అమ్మా, ఇల్లేమన్నా అమ్మేశారా?" అని అడిగాడు. లేదయ్యా, సరదాకి అంటే నమ్మలేదు. ఆ వారంలో మా వీధిలో నలుగురు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, "ఏమన్నా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఒకావిడ కేజీ కందిపప్పు కూడా ఇచ్చి వెళ్ళింది. వద్దంటే బాధపడుతుందని తీసుకున్నాను. మంచి పప్పు.

మంచం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. నీలంరంగు దుప్పటి, కొత్త దిండ్లు, నా పాత వాయిల్ చీర చింపి కుట్టిన పరదాలు, మూల చిన్న గ్యాసు పొయ్యి, బ్యాటరీతో తిరిగే బుల్లి ఫ్యాను. అది ఎటూ తిరగదు, నా వైపే ఉంటుంది. చూస్తే నాకు కడుపు నిండిపోయింది. ఆ మంచం మీద అప్పుడే పడుకోలేదు. సముద్రం దగ్గరే మొదటిసారి పడుకోవాలని దాచుకున్నాను.

బండి ఎలా నడుస్తుందో చూద్దామని ఒక సాయంత్రం పెనుగొలను వైపు వెళ్ళాం. పైన నీలంరంగు వేయించినా కింద నుంచి పసుపు తొంగి చూస్తూనే ఉంది. మలుపు దగ్గర మా ఆయన ముందే బ్రేకు తొక్కారు, మేస్త్రీ చెప్పినట్టే. బండి ఆగిందో లేదో, మిరపకోతలు ముగించుకుని ఇంటికెళ్ళే ఆడవాళ్ళు చెట్టు కింద నుంచి లేచి వచ్చి ఎక్కేశారు. మా రోడ్ల మీద ఆగిన వ్యాను అంటే అందరిదీ. ఎవరూ అడగరు, ఎక్కుతారు.

"ఇది సర్వీసు బండి కాదమ్మా!" అని అరిచాను.

"జరగవే, మేడం కూడా కూర్చుంటది" అని ఒకామె ఇంకొకామెను జరిపింది.

వాళ్ళలో బాగా ముసలావిడ ఒకామె మంచం చూసి "అబ్బ, నడుము పోతుంది నాయనా" అంటూ నా నీలం దుప్పటి మీద, నా కొత్త దిండు మీద కాళ్ళు చాపి పడుకుంది. ఆ ఫ్యాను గాలి ఎలా ఉంటుందో ముందు ఆవిడకు తెలిసింది. రోజంతా వంగి కాయలు కోసిన మనిషిని లెమ్మని ఎలా అంటాం? మా ఆయన వాళ్ళ ఊరిదాకా తోలారు. దిగేటప్పుడు ఆ ముసలావిడ "బండి బాగుంది. రేపు కూడా ఇదే టైముకా?" అని అడిగింది. మా ఆయన విజిల్ ఊది బండి వెనక్కి తిప్పారు. నేను ఇంటికొచ్చి దుప్పటి ఉతుక్కున్నాను. దుప్పట్లోని మిరపఘాటుకి తుమ్ములే తుమ్ములు.

సరే, రెండో శనివారం ప్రయాణం అనుకున్నాం. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నాను. తెల్లారి బయల్దేరి, మైలవరం, బెజవాడ మీదుగా బందరు దాటి నేరుగా సముద్రం దగ్గరికి. రాత్రి అక్కడే. ఆదివారం నిద్ర లేచాక వెనక్కి. ఎప్పుడు లేస్తే అప్పుడు.

దానికి ముందు ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగే సమయం వచ్చింది. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఒకరు కొడుకు పరీక్షలన్నారు. మగవాళ్ళ వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. అది మా ఆయనది.

"ప్రయాణం ఉందండి, పాస్టరుగారూ. క్షేమం కోసం" అన్నారు.

"ఎక్కడికి బ్రదర్?"

ఒట్టు వేసిన మనిషి ఆగాలా వద్దా? కానీ ప్రార్థన మనవి దగ్గర అబద్ధమాడితే పాపమట. అక్కడికి ఆ ఒక్క పాపమే ఈయనకు పట్టింపు. ఏ రోజు, ఏ దారిన, ఎన్నింటికి, రాత్రి ఎక్కడ పడుకుంటామో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. చివర్లో గొంతు సవరించుకుని, "ముఖ్యంగా బ్రేకుల గురించి ప్రార్థించండి" అన్నారు.

సంఘమంతా లేచి నిలబడి మా బ్రేకుల కోసం కన్నీళ్ళతో ప్రార్థించింది. నేను కళ్ళు మూసుకోలేదు. తల వంచుకుని ఆయన వీపు వైపే చూస్తున్నాను.

ప్రార్థన మనవి అంటే మా వాళ్ళలో ఎంత వేగంగా వెళుతుందో తెలియనివాళ్ళకు చెబుతాను. మధ్యాహ్నం నేను అన్నం వార్చేసరికి మైలవరం నుంచి మా ఆడపడుచు ఫోను.

"వదినా! బ్రేకులు లేని బండిలో సముద్రానికి వెళ్తున్నారంటగా! మా ప్రేయర్ గ్రూపులో వచ్చింది. ఇక్కడ అందరం ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తాం. అన్నట్టు, మా మీద నుంచే కదా వెళ్ళేది? మా గుమ్మం తొక్కకుండా పోతారా?"

మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు ఈమె. నోరు మూత పడదు. ఫోనులో మాట్లాడుతూనే పక్కన ఎవరికో అన్నం పెడుతుంది, ఎవరినో తిడుతుంది, ఎవరి మాత్రలో వెతుకుతుంది. అత్తగారు, మొగుడు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ కొట్లో పనిచేసేవాళ్ళు, అందరికీ ఆ ఇంట్లోనే వంట. సాయంత్రానికి బెజవాడ నుంచి పెదమావగారు, రాత్రికి బందరు నుంచి చిన్నత్తగారు. "రోడ్డు మీద పడుకుంటారా? నేను చచ్చాననుకున్నారా? పక్కలు వేసి ఉంచుతా, చేపలు చెప్పి ఉంచుతా" అందావిడ. నా రాత్రి అలా పోయింది. వారమంతా నేను మా ఆయనతో మాట్లాడలేదు. చారు గిన్నె బల్ల మీద పెట్టి గరిటతో చప్పుడు చేసేదాన్ని.

శనివారం బయల్దేరాం. బ్రేకులు పడ్డాయి, అది మాత్రం ఒప్పుకోవాలి. మైలవరంలో రోడ్డు మీదే మా ఆడపడుచు కుటుంబమంతా నిలబడి ఉంది. పక్కన నాలుగు క్యారియర్లు, పులిహోర గిన్నె, కోడికూర డబ్బా, నీళ్ళ క్యాను.

"మేం కూడా సముద్రం చూసి ఎన్నాళ్ళయిందో వదినా! చోటుందిగా" అంది. రాత్రి ఒంటిగంటకు లేచి వంట మొదలుపెట్టిందట. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. నోరు మాత్రం మామూలే.

ఆమె అత్తగారు నా మంచం మీద పడుకున్నారు. పిల్లలు నా దిండ్లతో కొట్టుకున్నారు. బెజవాడలో పెదమావగారు, ఆయన చేతికర్ర, ఆయన మందుల సంచి ఎక్కాయి. నేను నీళ్ళ క్యాను మీద కూర్చున్నాను. ప్రతి గతుకుకీ మా ఆయన అద్దంలో నా మొహం చూసి చూపు తిప్పుకున్నారు. బందరు దాటేదాకా మా ఆడపడుచు అందరికీ వడ్డిస్తూనే ఉంది. ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో పులిహోర పెడుతూ, "వదినా, నువ్వేం తినలేదు" అని నా మీద పడింది. తనేం తిన్నదో నేను చూడలేదు, ఎవరూ చూడలేదు.

ఎండ వాలే వేళకు సముద్రం దగ్గర ఆగాం. చీకటిపడేసరికి చిన్నత్తగారింటికి వెళ్ళిపోవాలి. అందరూ కిటికీల్లోంచి "అదిగో, అదిగో" అని అరిచారు. నేను లేచి నిలబడి నడుము పట్టుకున్నాను. అప్పుడు పెదమావగారు తాపీగా అన్నారు.

"కోడలా, ఇందులో పొయ్యి కూడా ఉందంటగా. ఓ చుక్క టీ పెట్టమ్మా, తాగి దిగుదాం."

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"పెట్టను" అన్నాను.

పెదమావగారి మాటకు ఇంతవరకు ఎవరూ ఆ జవాబు చెప్పలేదు. చెప్పేశాను కాబట్టి ఇక ఆగలేదు. "నేను టీ పెట్టను. ఇది నేను పడుకోవడానికి కొన్న వ్యాను. కోడి పడుకుంది, మిరపకోతలామె పడుకుంది, అత్తయ్యగారు మైలవరం నుంచి పడుకునే వచ్చారు. నేనొక్కదాన్నే పడుకోలేదు. ఇప్పుడు పడుకుంటాను. అందరూ దిగండి."

"ఒంట్లో బాలేదేమో" అన్నారెవరో. "నిక్షేపంగా ఉంది!" అని అరిచాను. మా ఆయన డ్రైవరు సీటులోంచి నా వైపు తిరిగి చూశారు. ఆయన మొహంలో ఏం కనపడిందో చెప్పలేను కానీ, చెయ్యి జేబులోకి వెళ్ళింది. వ్యాను అదిరేలా విజిల్ ఊదారు.

"అందరూ దిగాలి! ఒక్కొక్కరు! లైనుగా! పెదనాన్నా, మీరు కూడా!"

దిగారండీ! పెదమావగారితో సహా లైనులో దిగారు. డ్రిల్లు మాస్టారి విజిల్‌కి మా జిల్లాలో ఉన్న విలువ అది. నేను తలుపు వేసి, గడియ పెట్టి, పరదాలు లాగి, నీలం దుప్పటి దులిపి పడుకున్నాను. ఫ్యాను గాలి మొహానికి తగిలింది. మంచానికి అంత సుఖముంటుందని నాకు తెలియదు. నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను.

తలుపు మీద ఎవరో గోటితో గీకినట్టు చప్పుడైంది.

"ఎవరైనా సరే, టీ లేదు!"

"టీ కాదు వదినా. నేనే."

మా ఆడపడుచు గొంతు అంత చిన్నగా ఉండగలదని అప్పుడే తెలిసింది. తలుపు కాస్త తెరిచాను. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. వెనక ఇసుకలో ఎవరో తన పేరు పెట్టి మంచినీళ్ళెక్కడని కేకేస్తున్నారు. అటు తిరగలేదు.

"నన్ను కూడా కాసేపు పడుకోనిస్తావా? నేనేం మాట్లాడను."

"మాట్లాడితే దింపేస్తా."

తల ఊపింది. లోపలికి వచ్చి గోడవైపు ఒదిగి, కాళ్ళు ముడుచుకుని పడుకుంది. వడ్రంగి ఆ మంచాన్ని ఒకటిన్నర మనిషికి కొట్టాడు. ఇద్దరం పక్కకు తిరిగితే సరిపోయింది. నేను ఫ్యాను కొంచెం తన వైపు వంచాను. కాసేపటికి నన్ను మోచేత్తో పొడిచింది.

"ఇక్కడ నన్నెవరూ లేపరు కదా వదినా?"

"లేపమను, చూద్దాం" అన్నాను.

నా మాట పూర్తవకముందే గురక మొదలైంది. పులిహోర చేసిన చేతులు పసుపుగా, నా దిండు మీద అలా వదిలేసి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఈ పిల్లను నేను ఇన్నేళ్ళూ వాగుడుకాయ అనుకున్నానే తప్ప, ఇది ఎప్పుడు పడుకుంటుందో ఒక్కసారీ అనుకోలేదు. ఏడుస్తూ ఏడుస్తూ నేనూ నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి పరదాల వెనక వెలుతురు తగ్గిపోయింది. బయట పిల్లలు ఏడుస్తున్నారు, మా ఆయన వాళ్ళను తలుపు దగ్గరికి రానివ్వకుండా ఏదో కథ చెబుతున్నారు. ఫోను మోగుతోంది. చిన్నత్తగారే అయివుంటారు. పక్కన మా ఆడపడుచు దిగ్గున లేచి కూర్చుంది.

"అయ్యో, పొద్దుపోయింది! అత్తయ్యకు మాత్రలియ్యాలి, పిల్లలకి అన్నాలు... వదినా, నువ్వు లేచావా?"

"లేవలేదు" అన్నాను, కళ్ళు మూసుకునే.

బయట నుంచి వాళ్ళాయన పిలిచాడు, అత్తగారు పిలిచింది, ఇద్దరు పిల్లలూ కలిసి పిలిచారు. తను చేతులు వెనక్కి పెట్టి, బిగించి కట్టుకున్న జుట్టుముడి విప్పేసింది. మళ్ళీ నా పక్కన పడుకుంది.